ఖాస్ పేరు

మా చిన్నమ్మ రంగనాయకికి అసూయ ఎక్కువ. ఇది నేను చాటుగా అంటున్న మాట కాదు, ఆమే చెప్పుకునేది. "నాకు ఓర్వలేనితనం జర ఎక్కువనే. దాపెట్టుకుంటె దాగుతదా?" అని. మా అమ్మ కొత్త చీర కడితే అంచు పట్టుకుని చూసి, "మంచిగనే ఉన్నది గని రంగు నిలువది" అనేది. ఎదురింటివాళ్ళ జామచెట్టు విరగకాస్తే, ఆ కాయల నిండా పురుగులేనని తేల్చేసేది. ఇవన్నీ చిల్లర అసూయలు, పొద్దున పుట్టి సాయంత్రానికి పోయేవి. అసలైన అసూయ ఆమెకు జీవితంలో ఒక్కసారే పట్టింది. చలికాలం పొడుగునా ఆమెను కాల్చింది, మా చిన్నాయనకు తిండి సహించకుండా చేసింది, పాపం ఇంకొకరి నౌకరీకి ఎసరు పెట్టబోయింది. ఆ సంగతే చెబుతాను. నేను చిన్నమ్మ పక్షం. తప్పెవరిదో తేల్చాలనుకునేవాళ్ళు నన్ను అడగొద్దు.

వాళ్ళ ఇల్లు గౌలిపురాలో. చిన్నాయన అనంతపద్మనాభం. వాళ్ళది తరతరాలుగా గుడిసేవ చేసిన కుటుంబం. అన్నగారు గుడి చూసుకుంటే, ఈయన నయాపూల్ దగ్గర ఒక దఫ్తరులో గుమాస్తాగా చేరాడు. చదివిందంతా ఉర్దూలోనే. పోలీసు చర్య అయిన నాలుగైదేళ్ళకు దఫ్తరు కాగితాలు ఒక్కొక్కటే ఇంగ్లీషులోకి మారడం మొదలైంది. ఉర్దూలో ముత్యాల్లా రాసే పెద్దమనుషులు ఇంగ్లీషు ముక్క రాక తలలు పట్టుకుని కూర్చుంటే, చిన్నాయన పట్టుబట్టి నేర్చుకున్నాడు. ఉర్దూలో రాసిన ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకం ఒకటి పాతపుస్తకాల అంగడిలో కొని, దాన్ని చిరిగేదాకా చదివాడు. పెట్టిన పరీక్ష మొదటిసారే గట్టెక్కాడు. ఇక గల్లీలో ఆయన "ఇంగ్లీష్ సాబ్" అయిపోయాడు. అర్జీ రాయించుకునేవాళ్ళు, తారు, అంటే టెలిగ్రాం, వస్తే చదివించుకునేవాళ్ళు అరుగు మీద కాచుకుని ఉండేవారు. చిన్నమ్మకు అప్పుడు గర్వంగానే ఉండేదట.

ఆ గర్వం రుక్మాబాయి వచ్చేదాకానే.

రుక్మాబాయి వెనకింటి సుశీలమ్మ కూతురు. వాళ్ళది పాల వ్యాపారం. ఇంటి ముందు బర్రెల కొట్టం, రెండిళ్ళకూ మధ్య ఒక్క గోడ. రుక్మాబాయి భర్త ఇంకొకామెను చేసుకుంటే, ఈమె పిల్లలతో తల్లి దగ్గరికి వచ్చేసి ఆడపిల్లల బడిలో టీచరుగా పనిచేసుకుంటోంది. ఆమె చదువూ ఉర్దూలోనే. ఇప్పుడు ఇంగ్లీషు పరీక్ష పాసు కాకపోతే కొలువు ఉండదన్నారు. తల్లీకూతుళ్ళు వచ్చి అరుగు దగ్గర నిలబడి చిన్నాయనను అడిగారు. ఆయన సరేనన్నాడు. చిన్నమ్మ కూడా సరేనంది. "పాపం, ఆడపిల్ల, బతకాలె గద" అన్నది కూడా ఆమేనట. ఆ మాట తర్వాత ఆమెకు గుర్తుచేసినవాళ్ళకు పుట్టగతులు లేకుండా పోయాయి.

చదువు ముందుగదిలో. చిన్నాయన కుర్చీలో, రుక్మాబాయి చాప మీద, సుశీలమ్మ గడప దగ్గర గోడకు ఆనుకుని. వీధి తలుపు బార్లా తెరిచి ఉండేది. సుశీలమ్మ తెల్లవారుజామునే లేచి పాలు పిండే మనిషి, కూర్చున్న కాసేపటికే నిద్రపోయేది. చిన్నమ్మ వంటింట్లో. వంటింటికీ ముందుగదికీ మధ్య అడ్డం ఒక పరదా, అంతే.

మొదటి పాఠం నామవాచకాలు. చిన్నాయన తనకు వచ్చిన దారిలోనే చెప్పాడు.

"చూడు రుక్మాబాయీ, ఉర్దూల ఇస్మ్ అని చదువుకున్నం గద, గదే ఇంగ్లీషుల నౌన్. గవి అయిదు తీర్లు. ఇయ్యాల రెండు చెప్త. ఇస్మె ఖాస్ అంటె ప్రాపర్ నౌన్. ఇస్మె ఆమ్ అంటె కామన్ నౌన్. ఒక్కరికే ఉండే పేరు ఖాస్. అందరికి పనికొచ్చే పేరు ఆమ్."

చిన్నమ్మకు ఇంగ్లీషు రాదు. ఇస్మ్ అంటే ఏమిటో కూడా తెలియదు. కానీ ఖాస్ అంటే ప్రత్యేకమైనది, ఆమ్ అంటే మామూలుది అని తెలియని ఆడది పాతబస్తీలో ఉంటుందా? బియ్యం కొట్టుకు వెళ్తే ఖాస్ బియ్యం వేరు, ఆమ్ బియ్యం వేరు. పెళ్ళి విందులో ఖాస్ మెహమాన్లు ఒక పంక్తి, ఆమ్ జనం ఇంకో పంక్తి. పప్పు కలుపుతున్న గరిటె ఆపి వినసాగింది.

"హైదరాబాద్, ఖాస్. చార్మినార్, ఖాస్. రుక్మాబాయి," చిన్నాయన ఒక్క క్షణం ఆగి అన్నాడట, "ఖాస్."

"మరి ఆమ్ అంటె సార్?"

"సిటీ, స్ట్రీట్, పాట్, వైఫ్. ఊరు, గల్లీ, గిన్నె, భార్య. గివన్ని ఆమ్."

"బర్రె సార్?"

"బర్రె గూడ ఆమ్. ఏ బర్రెనైనా బర్రె అనే అంటం."

"మరి మా లచ్చి?"

"లచ్చి ఖాస్! లోకంల ఎన్ని బర్రెలున్నా, మీ లచ్చి ఒక్కటే గద."

ఇద్దరూ నవ్వారు. సుశీలమ్మ నిద్రలోనే, "లచ్చికేమైందే?" అంది.

పప్పు అడుగంటింది. చిన్నమ్మ దించలేదు. గల్లీ, గిన్నె, భార్య ఒక వరసలో కూర్చున్నాయి. రుక్మాబాయి ఖాస్, ఆమె బర్రె కూడా ఖాస్. "గప్పుడు నా కడుపుల నిప్పు పడ్డదే," అని నాకు చెప్పేటప్పుడు కూడా ఆమె చెయ్యి పొట్ట మీదికి పోయేది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, లేకపోతే ఇదంతా ఒట్టి పిచ్చి అనిపిస్తుంది. చిన్నమ్మ అత్తగారి పేరు కూడా రంగనాయకమ్మే. అది వాళ్ళ గుడిలోని దేవి పేరు, ఆ వంశంలో ఇంటింటికీ ఒకటి ఉంటుంది. పేరు కలిసిందని పెళ్ళి ఆపుకుంటారా? అయితే అత్త పేరున్న కోడలిని ఆ పేరుతో పిలవకూడదు. పిలిస్తే అత్తను పేరు పెట్టి పిలిచినట్టే. అందుకని పెళ్ళి పందిరి తీయకముందే అత్తగారు తేల్చేసింది, "ఇంట్ల ఒక్క రంగనాయకి చాలు" అని. ఆ రోజు నుంచి చిన్నమ్మ "కోడలు పిల్ల" అయింది. బావగారికి "మరదలు పిల్ల", తోటికోడలికి "చెల్లె", కొడుకు పుట్టాక గల్లీ మొత్తానికీ "శ్రీనివాస్ వాళ్ళమ్మ". చిన్నాయనకు మాత్రం ఏమీ కాదు. "ఇగో", "ఏందీ", "వింటున్నవా". ఆ రోజుల్లో భార్యను పేరు పెట్టి పిలిచే మగాళ్ళు తక్కువేననుకోండి. కానీ ఒక్కసారైనా, జ్వరంలోనైనా, కోపంలోనైనా పలకకుండా ఉండేవాళ్ళు ఇంకా తక్కువ. అత్తగారు పోయి ఏళ్ళు గడిచాయి. పేరు మాత్రం తిరిగి రాలేదు.

అదంతా చిన్నమ్మ మరిచిపోయింది. మరిచిపోయాననే అనుకుంది. రుక్మాబాయి పేరు ఆయన నోట అంత సాఫీగా, రోజూ, తన ఇంట్లోనే వినబడేసరికి పాత పుండు పచ్చిదైంది.

పైగా ఆయన ఆ పిల్లతో ఎంత ఓపికగా మాట్లాడేవాడని! పాలు, నీళ్ళు, ఉప్పు, బంగారం లాంటి లెక్కపెట్టలేని వస్తువుల పేర్లను మెటీరియల్ నౌన్స్ అంటారని చెప్పిన రోజు రుక్మాబాయి ఎదురు తిరిగింది.

"పాలు లెక్కవెట్టరాదంటె ఎట్ల సార్? మేము దినాం లెక్కవెట్టే అమ్ముతం. గౌలిగూడ హోటలుకు గిన్ని శేర్లు, గీ గల్లీకి గిన్ని శేర్లు అని."

"నువ్వు లెక్కవెట్టేది శేర్లు, పాలు గాదు. శేరు పక్కన వెట్టి, ఉత్త పాలు లెక్కవెట్టు, చూస్త."

రుక్మాబాయి ఆలోచించి, "లెక్కవెట్టరాదు సార్. గని మా అమ్మ నీళ్ళు కలిపితే మాత్రం లెక్క ఎక్కువైతది," అంది.

చిన్నాయన పగలబడి నవ్వాడు. ఆ నవ్వు చిన్నమ్మ అంతకు ముందు వినలేదట. ఇంత నవ్వు ఈ మనిషిలో ఎక్కడ దాచుకున్నాడు, ఇన్నేళ్ళు నాకు చూపించకుండా అని ఆమె బాధ. తనతో ఆయన మాట్లాడేదేముంది? పొద్దున లేస్తే "నీళ్ళు". స్నానమైతే "తువ్వాల". దఫ్తరుకు వెళ్తూ "చెప్పులు". వచ్చాక "చాయ్". పాఠం వింటూ వింటూ ఆమెకు ఇంకో సంగతి బోధపడింది. ఆయన తనతో రోజంతా ఆడేవి ఒట్టి నామవాచకాలే. తన నామం తప్ప.

అసూయ పట్టిన మనిషి తిన్నగా ఏదీ చెయ్యదు. మొదట రుక్మాబాయికి చాయ్ ఇవ్వడం మానేసింది. తర్వాత పాఠం మొదలవగానే రోట్లో ఎండుమిరపకాయలు వేసి దంచడం మొదలుపెట్టింది. ముందుగదిలో ఒకటే తుమ్ములు. సుశీలమ్మ నిద్రలో తుమ్మి లేచి, మళ్ళీ పడుకునేది. చిన్నాయన తుమ్ముతూనే, "సైన్యం, మంద, క్లాసు, గుంపుకంతా కలిపి ఒక్క పేరు, కలెక్టివ్ నౌన్" అని చెప్పేవాడు. రుక్మాబాయి కొంగు ముక్కుకు కట్టుకుని రాసుకునేది. చిన్నమ్మకు చెయ్యి నొప్పి పుట్టింది తప్ప పాఠం ఆగలేదు.

పక్కింటి నాగమణమ్మ ఊరుకుంటుందా? కూరగాయల బండి దగ్గర, "మీ ఆయన మస్తు మంచిగ చెప్తున్నడట గద. రుక్మి మొఖంల మునుపటి కళ వచ్చిందమ్మా," అని ఒక మాట విసిరింది. చిన్నమ్మ ఏరి పెట్టుకున్న వంకాయలు మళ్ళీ బండిలోనే పడేసి ఇంటికి వచ్చేసింది. భర్త మీద ఆమెకు అనుమానం లేదు. అది నేను గట్టిగా చెప్పగలను. ఆయన ఎలాంటివాడో ఆమెకు తెలుసు, రుక్మాబాయి ఎలాంటిదో కూడా తెలుసు. ఆమె ఏడుపు వేరు. ఆ పిల్లకు దక్కుతున్నది తనకు దక్కలేదని. అనుమానమైతే తిట్టి కడిగేసుకోవచ్చు. దీన్ని ఎవరితో చెప్పుకోవాలి? నా పేరు పిలవడం లేదని చెబితే నవ్వరా?

చివరిది భావాల పాఠం. ఇస్మె కైఫియత్, ఇంగ్లీషులో ఆబ్‌స్ట్రాక్ట్ నౌన్. చిన్నాయన చెబుతున్నాడు.

"కంటికి కనవడనిది, చేతికి దొరకనిది, గని ఉన్నది. ప్రేమ, కోపం, భయం."

"జలన్ గూడ గదేనా సార్?" అంది రుక్మాబాయి. ఆ పిల్ల ఏమీ తెలియకుండానే అడిగింది.

"షాబాష్! జలన్, జెలసీ. కనవడదు, ముట్టుకోరాదు."

కనబడదట! ముట్టుకోరాదట! పరదా ఇవతల చిన్నమ్మ నిలువునా మండుతోంది. అడుగంటిన గిన్నెలు, మాడిన రొట్టెలు, ఉప్పెక్కువైన చారు రోజూ తింటూ కూడా ఈ మనిషికి కనబడలేదా? పాఠం చెప్పే కుర్చీకీ పొయ్యికీ మధ్య ఒక గుడ్డపేలిక అడ్డమున్నంత మాత్రాన? ఆ రోజు ఆమె అన్నం తినలేదు. ఎందుకు తినలేదని ఆయన అడగలేదు. నాకిప్పటికీ చిన్నాయన మీద అక్కడే కోపం.

మరునాడు సాయంత్రం, ఆయన దఫ్తరు నుంచి వచ్చే వేళకు, చిన్నమ్మ శ్రీనివాస్‌ను బావగారింటికి పంపి, వీధి తలుపుకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని గుడికి పోయింది. పరీక్ష ఆ వారంలోనే ఉంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే వేసింది.

తల్లీకూతుళ్ళు వచ్చి గల్లీలో నిలబడ్డారు. కాసేపటికి చిన్నాయన గొడుగు ఊపుకుంటూ వచ్చి వాళ్ళ పక్కన నిలబడ్డాడు. తన ఇంటి ముందు తనే. నాగమణమ్మ కిటికీ తెరుచుకుంది. ఎదురింటివాళ్ళు అరుగు మీదికి వచ్చారు. దారినపోయే ఒకాయన తాళంచెవి పోయిందనుకుని, "క్యా హువా సాబ్, చాబీ గుమ్ గయీ?" అని అడిగాడు. చిన్నాయన తాళాన్ని పట్టుకుని రెండుసార్లు లాగి చూశాడు. రుక్మాబాయి ఏం అర్థం చేసుకుందో, "పోదం పద అమ్మా" అని తల్లిని తీసుకుని తలవంచుకుని వెళ్ళిపోయింది.

చిన్నమ్మ హారతి అయ్యాక, ప్రసాదం కూడా తిని, తీరిగ్గా వచ్చి తాళం తీసింది. దీపం వెలిగించింది. ఆయన లోపలికి వచ్చి, నిలబడే అడిగాడు.

"తాళం ఎందుకేసినవ్?"

"గుడికి పోయిన. ఇల్లు బార్లా తెరిచి పోవాల్నా?"

"గా పిల్ల నౌకరీ పోతది. ఎరుకేనా నీకు?"

"ఎరుకే. గా పిల్ల సంగతి మీకు ఎరుక, మీ సంగతి గా పిల్లకు ఎరుక. నా సంగతి ఎవలికెరుక? నేను ఆమ్ మనిషిని. గల్లీ, గిన్నె, భార్య!"

చిన్నాయన మొహం చూసి, ఆయనకు నిజంగానే ఏమీ అర్థం కాలేదని చిన్నమ్మకు తెలిసిపోయింది. ఇక దాచుకుని లాభం లేదనిపించింది. అడిగేసింది.

"నా పేరు ఒక్కసారి మీ నోట చెప్పుండ్రి. ఒక్కటంటె ఒక్కసారి. రేపటి సంది తలుపు నేనే తెరుస్త, గా పిల్లకు చాయ్ గూడ నేనే పోస్త."

ఆయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"బర్రె పేరు చెప్పొస్తది. రుక్మాబాయి, రుక్మాబాయి అని దినాం చెప్పొస్తది. నా పేరుకే నాలిక తిరగదా?"

"నాలిక తిరగక గాదు," అన్నాడు చిన్నాయన. గొడుగు ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని మూలకు ఆనించి, అది జారి పడితే మళ్ళీ ఆనించి, ఆ తర్వాత చాప మీద కూర్చున్నాడు. రుక్మాబాయి కూర్చునే చోట. "గా పేరు నా నోట ఏడాదికి ఒక్కసారి వస్తది. అమ్మ తద్దినం నాడు. గోత్రం చెప్పి, పేరు చెప్పి, నువ్వులు నీళ్ళు ఇడుస్త. అమ్మ బతికున్నప్పుడు ఆమె పేరు నేనెన్నడు తియ్యలే. కొడుకు తల్లి పేరు ఎట్ల తీస్తడు? పోయినంకనే మొదటిసారి నోట పట్టిన. గదే నోటితోని, గదే పేరుతోని నిన్ను పిలువాల్నంటె... నువ్వు ముంగట తిరుగుతుంటివి. వంట చేస్తుంటివి. పిలిస్తె నీకు ఏమైతదో అని భయమైతది నాకు. పిచ్చోడనుకో, ఏమన్న అనుకో."

ఆయన తల ఎత్తకుండానే అడిగాడు.

"నువ్వు నా పేరు ఎన్నడన్న చెప్పినవా?"

"ఆడది పెనిమిటి పేరు చెప్తె ఆయన ఆయుష్షు తక్కువైతదంటరు."

"మరి నా భయం గూడ గదే."

ఇంతటితో చిన్నమ్మ అసూయ పోయి ఉండాలి. కథల్లోనైతే పోతుంది. ఆమెది పోలేదు, ఇల్లు మారింది. రుక్మాబాయిని వదిలి గోడ మీద దండ వేసి ఉన్న అత్తగారి పటాన్ని పట్టుకుంది. "నా పేరు తీసుకపోయి పటంల కూసున్నవా అత్తమ్మా? ఉన్నన్ని దినాలు నువ్వే రంగనాయకివి, పోయినంక గూడ నువ్వేనా?" అని పటం ముందు నిలబడి అడిగిందట. కళ్ళు తుడుచుకుంటూనే అడిగింది. అత్తగారు ఏం చెబుతుంది? చిన్నమ్మకు ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి కూడా భయమే. చేతులు జోడించి మరీ కుళ్ళుకుంది.

కానీ మాట తప్పే మనిషి కాదు. పొద్దున్నే గోడ పక్కగా తిరిగి సుశీలమ్మ కొట్టంలోకి వెళ్ళింది. రుక్మాబాయి పేడ ఎత్తుతోంది. చిన్నమ్మను చూసి తట్ట కింద పెట్టి నిలబడింది.

"సాయంత్రం రా. తాళం వెయ్య," అంది చిన్నమ్మ.

"నేనేమన్న తప్పు చేసిన్నా అక్కా?"

"నువ్వేం చెయ్యలే. ఇంట్ల మాకు వేరే లొల్లి ఉండె. నువ్వు ఫికర్ పెట్టుకోకు."

సాయంత్రం పాఠం జరిగింది. పరీక్షకు ముందు అన్నీ ఒకసారి తిరగేస్తున్నారు. చిన్నాయన గొంతులో మునుపటి హుషారు లేదు. చిన్నమ్మ చాయ్ తెచ్చి ఇచ్చి, పరదా దగ్గరే నిలబడింది. రుక్మాబాయి ప్రాపర్ నౌన్స్ వరసగా చెబుతూ, ఆగి తలెత్తింది.

"అక్కా, గిన్ని దినాల సంది వస్తున్న గని నీ పేరేందో నాకెరుకలే. శ్రీనివాస్ వాళ్ళమ్మ అనే అంటరు అందరు. నీ పేరేంది?"

చిన్నాయన పుస్తకంలో తల దూర్చాడు. చిన్నమ్మ ఆయన వైపు చూసింది. ఆయన చెప్పడు. చెప్పలేడు. ఇక తనే చెప్పింది.

"రంగనాయకి."

సొంత పేరు సొంత నోట అనేసరికి ఎవరి పేరో అన్నట్టు అనిపించిందట ఆమెకు.

"అబ్బ, ఎంత మంచి పేరు! రంగనాయకక్కా, జర నీళ్ళు గూడ ఇయ్యవా? మస్తు దూపైతుంది."

చిన్నమ్మ వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. చిన్నాయన పుస్తకం మీది నుంచి ఆమెనే చూస్తున్నాడు. వెళ్ళడం చూశాడు, రావడం చూశాడు. చెంబు వంచి నీళ్ళు పోయడం చూశాడు. ఆమెకేమీ కాలేదు. నీళ్ళు తాగి రుక్మాబాయి మళ్ళీ పాఠంలో పడింది.

ఇది చెప్పేటప్పుడు చిన్నమ్మ ప్రతిసారీ ఇక్కడ ఆగి, మూతి తిప్పేది. "చూడవే, నా పేరు నా ఇంట్ల మొట్టమొదలు పిలిచింది గదే! గా రుక్మాబాయి! ఆయన గాదు. గదొక్కటి మాత్రం నేను ఓర్చుకోలేనే," అనేది. రుక్మాబాయి అప్పటికి హెడ్ టీచరై, పిల్లల పెళ్ళిళ్ళు చేసి, మనవలనెత్తుకున్నా సరే, ఆ కుళ్ళు అలాగే ఉండేది.

రుక్మాబాయి పరీక్ష పాసయింది. కబురు తెలిసిన రోజు సుశీలమ్మ పెద్ద గిన్నె నిండా జున్ను వండి పంపింది. చిన్నమ్మ వంటింట్లో కూర్చుని దాన్ని ముక్కలు కోస్తోంది. చిన్నాయన అప్పుడే దఫ్తరు నుంచి వచ్చి, వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. నీళ్ళు పోస్తున్న చప్పుడు వినిపిస్తోంది. అది ఆగింది.

"రంగనాయకీ."

చిన్నగా, గొంతులోనే సగం మింగేసినట్టు. తన చెవులకు అలా వినిపించిందేమోనని చిన్నమ్మ కత్తి ఆపింది. ఓ అనడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఎందుకు మూసుకున్నావని నేను అడిగితే, "పలికితే అయిపోతది గద," అంది. అంతే. ఇన్నేళ్ళకు వచ్చిన పేరు ఒక్క పిలుపుతో అయిపోకూడదని.

పలకలేదు.

వాకిట్లో ఇత్తడి చెంబు కింద పడి దొర్లింది. "రంగనాయకీ! రంగనాయకీ!" అని అరుస్తూ చిన్నాయన తడికాళ్ళతో పరుగెత్తుకొచ్చాడు. గడప దగ్గర జారి, తలుపు పట్టుకుని నిలదొక్కుకుని, పరదా లాగితే అది ఊడి చేతిలోకి వచ్చింది. మొహంలో నెత్తురుచుక్క లేదు. చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుని ఉంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియదు.

"ఉన్న. ఉన్ననయ్యా. ఏమి గాలే," అంది.

ఆయన అక్కడే గడప మీద కూలబడి, పరదాగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. "మరి పలుకవేందే?" అని అడిగాడు.

చిన్నమ్మ కిటికీలోంచి వెనకింటి గోడ వైపు చూసింది. గోడ అవతల బర్రెల చప్పుడు తప్ప మాటలేవీ వినిపించడం లేదు. తల్లీకూతుళ్ళు చేస్తున్న పని ఆపి వింటున్నారన్న మాట. రుక్మాబాయికి వినబడే ఉంటుంది. అంత గట్టిగా పిలిచాడు.